ఖైరవాన్ కుత్తాబులో పసిపిల్లల చదువు

పసిపిల్లల విద్యను గురించి ఇస్లామీయ గ్రంథాలలో వెతకబోయేవారు సాధారణంగా విజ్ఞాన ప్రాశస్త్యాన్ని చాటే హదీసుల దగ్గరే ఆగిపోతారు. విద్యార్జన విధి అనీ, విద్వాంసుని స్థానం ఉన్నతమైనదనీ అందరూ ఎరిగినదే. కాని ఆరేళ్ళ కుర్రవాడు పొద్దున్నే పలక చంకన పెట్టుకుని బడికి వెళితే, ఆ పలకమీది వాక్యాన్ని అతడు దేనితో తుడవాలి? మధ్యాహ్నం ఆకలైతే ఇంటికి పోనివ్వాలా, వద్దా? పంతులుగారు తన సొంత పనిమీద అతణ్ణి బజారుకు పంపవచ్చునా? పేదవాని కొడుకు వెనక వరుసలో మిగిలిపోతే అందుకు జవాబుదారీ ఎవరు? ఇటువంటి చిల్లర ప్రశ్నలను సైతం ధర్మశాస్త్రజ్ఞులు వాణిజ్య ఒప్పందాలను, వారసత్వ వాటాలను విచారించినంత శ్రద్ధతో విచారించారన్న సంగతి చాలామంది దృష్టికి రాలేదు.

ఈ ప్రశ్నలకు సమాధానాలు ఉత్తర ఆఫ్రికాలోని ఖైరవాన్ నగరం నుంచి వచ్చాయి. నేటి ట్యునీషియాలో ఉన్న ఈ నగరాన్ని హిజ్రీ 50 (క్రీ.శ. 670)లో ఉఖ్బా బిన్ నాఫె నిర్మించాడు. రెండు శతాబ్దాలు తిరిగేసరికి అది మాలికీ ధర్మశాస్త్రానికి పశ్చిమాన పెద్ద కేంద్రమైంది. ‘అల్ ముదవ్వన’ అనే బృహద్గ్రంథాన్ని కూర్చిన ఇమామ్ సహ్‌నూన్ (రహ్మ) అక్కడివారే. ఆ ప్రాంతానికి ఖాజీగా కూడా పనిచేశారు. ఆయన కుమారుడు ముహమ్మద్ ఇబ్ను సహ్‌నూన్ (మరణం: హి. 256, క్రీ.శ. 870) చిన్నపిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుల కోసం ‘ఆదాబుల్ ముఅల్లిమీన్’ అనే చిన్న పుస్తకం రచించాడు. బోధనా విధానాన్ని గురించి ముస్లిములు వ్రాసిన ప్రత్యేక గ్రంథాలలో మనకు చిక్కిన తొలి పుస్తకాలలో ఇది ఒకటి. చాలాకాలం వ్రాతప్రతిగానే ఉండిపోయి, 1931లో ట్యునిస్‌లో హసన్ హుస్నీ అబ్దుల్ వహ్హాబ్ చేత అచ్చయింది. ఆ నగరానికే చెందిన అల్ ఖాబిసీ (మరణం: హి. 403, క్రీ.శ. 1012) అనే అంధ విద్వాంసుడు తర్వాతి కాలంలో ఇదే విషయాన్ని మరింత విస్తరించి వ్రాశాడు.

పుస్తకంలో ఎక్కువ భాగం ప్రశ్నోత్తరాలే. కొడుకు ప్రశ్నిస్తాడు, తండ్రి సమాధానం చెబుతాడు. ఇందులో ఉపదేశాల ధోరణి తక్కువ. బజారులో బడి పెట్టుకున్న ఒక సామాన్య ఉపాధ్యాయునికి రోజువారీ ఎదురయ్యే చిక్కులన్నీ కనిపిస్తాయి. కనుకనే పదకొండు వందల యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ గది మన కళ్ళకు కడుతుంది.

ఆ గదిని ‘కుత్తాబ్’ అనేవారు. మన ప్రాంతంలో వాడుకలో ఉన్న ‘మక్తబ్’ అన్న మాట కూడా వ్రాత అనే అర్థంగల అదే ధాతువునుంచి పుట్టింది. అది మస్జిదు కాదు. పసివాళ్ళు అశుద్ధి విషయంలో జాగ్రత్త పడలేరు కనుక మస్జిదులో వారికి పాఠం చెప్పడం తగదని ఇమామ్ మాలిక్ (రహ్మ) అభిప్రాయం. అందుచేత ఉపాధ్యాయుడు బజారులో ఒక కొట్టు అద్దెకు తీసుకునేవాడు. ఆ అద్దె ఉపాధ్యాయుడే భరించాలి, పిల్లలమీద వేయరాదు. ఆడపిల్లలను మగపిల్లలతో కలిపి కూర్చోబెట్టడం సహ్‌నూన్‌గారికి ఇష్టంలేదు. అలాగని ఆ నగరంలో ఆడపిల్లలకు చదువు లేకపోలేదు. అక్కడి ఖాజీ ఈసా బిన్ మిస్కీన్ ప్రతిరోజూ అస్ర్ తర్వాత తన కుమార్తెలను, సోదరుని కుమార్తెలను పిలిచి కూర్చోబెట్టుకుని ఖుర్ఆనూ విద్యా నేర్పేవాడని జీవిత చరిత్రకారులు వ్రాశారు.

ఉదయం ఖుర్ఆన్ పఠనంతో పని మొదలయ్యేది. పొద్దెక్కాక, అంటే జుహా వేళనుంచి పిల్లలు ఇళ్ళకు మళ్ళే వేళవరకు వ్రాతకు కేటాయించాలని ఇబ్ను సహ్‌నూన్ నిర్దేశించాడు. ఒక సూరా కంఠస్థమై, దానిని స్వరచిహ్నాలతో తప్పులేకుండా వ్రాయగలిగినదాకా పిల్లవాణ్ణి తర్వాతి సూరాకు తీసుకుపోరాదు. చదువు త్వరగా ముగిసిందనిపించుకోవాలని పరుగెత్తించే పద్ధతికి ఇది అడ్డుకట్ట. వర్ణక్రమం, మంచి దస్తూరి, ఆగవలసిన చోట ఆగి నిదానంగా చదవడం, ఇవి నేర్పడం ఉపాధ్యాయుని విధి. లెక్కలు, కవిత్వం, వ్యాకరణం వంటివి నేర్పితే మంచిదే గాని, ముందుగా మాట్లాడుకుంటే తప్ప విధి కాదు. వుజూ చేసే పద్ధతి, నమాజులోని రకాతులు, దుఆలు కూడా అక్కడే నేర్చుకునేవారు.

పిల్లలు ఒకరికొకరు చెప్పి వ్రాయించుకోవచ్చునా అన్న ప్రశ్నకు, అది వారికి మేలే, అయితే వ్రాసిన దానిని ఉపాధ్యాయుడు స్వయంగా సరిచూడాలని సమాధానం. ఇది మన వీధిబడులకు కొత్త సంగతి కాదు. బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో వ్రాసిన నివేదికలో, అక్కడి బడులలో ముందున్న పిల్లలు వెనకున్న వారికి నేర్పుతూ తమ చదువును కూడా గట్టిపరచుకునే తీరును మెచ్చుకున్నాడు. ఒకరినొకరు చూసి ఎరుగని రెండు నేలలలో, ఒక్క పంతులు పలు వయసుల పిల్లలతో ఒకే గదిలో కూర్చున్నప్పుడు, ఒకే ఉపాయం తోచింది.

ఇక పలక విషయం. ఇది మన పిల్లలు బలపంతో వ్రాసే రాతిపలక కాదు, కొయ్యపలక. దానిమీద రెల్లుకలంతో, సిరాతో వ్రాసేవారు. ఉత్తర ఆఫ్రికాలో కాల్చిన ఉన్నితో సిరా తయారుచేసి, కడిగిన పలకకు మెత్తని బంకమన్ను పూసి ఆరబెట్టి మళ్ళీ వ్రాసే ఆచారం ఇటీవలి కాలందాకా సాగింది. పిల్లవాడు ఆనాటి పాఠం వ్రాసుకుని, కంఠతా పట్టి, ఒప్పజెప్పి, మర్నాటి పాఠానికి చోటుకోసం పలక కడగాలి. కాని దానిమీద ఉన్నది దైవవాక్యం! రోజూ దానిని చెరపక తప్పదు. చెరపడంలో అపచారం జరగకూడదు. పిల్లల చేతిలో ఉన్న పని గదా.

ఈ చిక్కును విప్పడానికి ఇబ్ను సహ్‌నూన్ హజ్రత్ అనస్ (రజి) పేర వచ్చిన ఒక ఉల్లేఖనాన్ని ఉదహరించాడు. తొలి నలుగురు ఖలీఫాల కాలంలో ఉపాధ్యాయులు ఎలా చేసేవారని ఆయనను అడిగారట. ఉపాధ్యాయుని దగ్గర ఒక తొట్టి ఉండేదనీ, పిల్లలు రోజుకొకరు చొప్పున వంతులవారీగా శుభ్రమైన నీళ్ళు తెచ్చి అందులో పోసేవారనీ, ఆ నీటితో పలకలు కడిగేవారనీ, తర్వాత నేలలో గుంట తవ్వి ఆ నీళ్ళు అందులో పోస్తే ఇంకిపోయేవనీ ఆయన చెప్పారు. నీళ్ళు మోయడంలో వంతు, కడగడంలో క్రమం, కడిగిన నీళ్ళు ఎవరి కాళ్ళకిందా పడకుండా మట్టిలో కలిసిపోవడం, ఇంతకన్నా చక్కని పాఠం పుస్తకంలో దొరకదు. పలకను కాలితో తుడవరాదని సహ్‌నూన్‌గారు నిషేధించారు. గుడ్డతో తుడిస్తే తప్పులేదు. మరి కుర్రవాడు నాలుకతో నాకి చెరిపితే? పిల్లలు చేసే పనే అది. ఇందుకు కూఫా విద్వాంసుడు ఇబ్రాహీం నఖయీ మాట ఒకటి ప్రమాణంగా చూపారు. మనిషి బట్టలమీద, పెదవులమీద సిరా మరకలు కనిపించడం హుందాతనానికి గుర్తేనని ఆయన అనేవాడట. ఇంటికి వెళ్ళాక చొక్కా చూసి తల్లి ఏమనేదో పుస్తకంలో లేదు.

ప్రతి ప్రాంతమూ ఈ పద్ధతిని అనుసరించలేదు. హి. 580 (క్రీ.శ. 1184)లో డెమాస్కస్ చేరిన అందలూసియా యాత్రికుడు ఇబ్ను జుబైర్, అక్కడ ఖుర్ఆన్‌ను కేవలం నోటిమాటగా వల్లింపజేస్తారనీ, వ్రాత మాత్రం కవితలు మొదలైన వాటితో నేర్పుతారనీ గమనించాడు. పిల్లలు వ్రాసి చెరిపే పనిలో దైవగ్రంథానికి అమర్యాద కలగకూడదనే ఈ ఏర్పాటు. వల్లెవేయించే గురువు వేరు, వ్రాత నేర్పే గురువు వేరు కావడంతో పిల్లల దస్తూరి బాగా కుదిరేదని కూడా ఆయన వ్రాశాడు. ఒకే గౌరవభావం ఖైరవాన్‌లో నీళ్ళతొట్టిగాను, డెమాస్కస్‌లో ఇద్దరు గురువులుగాను రూపుదిద్దుకుంది.

ఇబ్ను సహ్‌నూన్ పుస్తకమంతటికీ కీలకమైన పదం ‘అజీర్’. అంటే వేతనానికి కుదిరినవాడు. తెలుగులో ‘కూలివాడు’ అంటే గురువును కించపరచినట్లు తోస్తుంది. కాని ఆ ధర్మవేత్తలకు ఇందులో చిన్నతనమేమీ కనిపించలేదు. సొమ్ము పుచ్చుకున్నాడు గనుక ఉపాధ్యాయుని కాలం పిల్లలది. ఆ కాలంలోంచి అతడు ఏది తీసినా పిల్లల సొత్తు తీసినట్లే. ఈ ఒక్క సూత్రంనుంచి ఎన్ని తీర్పులు వచ్చాయో చూడండి. పాఠం వేళలో ఉపాధ్యాయుడు, తప్పనిసరి అయితే తప్ప, జనాజా నమాజుకు కూడా వెళ్ళరాదు. పుణ్యకార్యమే కావచ్చు, కాని అతడు మరొకరి పనికి కట్టుబడి ఉన్నాడు. పిల్లలు చుట్టూ ఉండగా తన కోసం ఫిఖ్‌హ్ గ్రంథాలు వ్రాసుకోవచ్చునా? తీరిక వేళలో వ్రాసుకోవచ్చు, వాళ్ళు కూర్చుని ఉండగా కాదు. విధి కాని దానికోసం విధిని ఎలా వదులుతాడు? పిల్లలను తన సొంత పనులకు పంపరాదు. ఒప్పుకున్న వేతనం మీద కానుకలు తెమ్మని వారిని అడగరాదు. ఒక పిల్లవాడు రాకపోతే ఆ సంగతి ఇంటివారికి తెలియజేయాలి. భోజనానికి ఇంటినుంచి పిలుపు వస్తే తిండికి, నీళ్ళకు వెళ్ళనివ్వకుండా ఆపరాదు.

గురువును దైవసమానునిగా నిలబెట్టి, అతని ఇంట నీళ్ళు తోడటం, కట్టెలు కొట్టడం శిష్యధర్మమని భావించే వాతావరణంలో పెరిగినవారికి ఈ తీర్పులు వింతగా ఉండవచ్చు. గురుభక్తిని ఇస్లామ్ కాదనలేదు. అయితే ఆరేళ్ళవాడి భక్తిని వాడుకుని అతనిచేత చాకిరీ చేయించుకోవడం వేరు. పిల్లవాడు ‘కాదు’ అనలేడు కాబట్టే అతని తరఫున శాస్త్రం ‘కాదు’ అన్నది.

ధనిక, పేద భేదం కూడా ఇదే కోవలోకి వస్తుంది. తనకు అప్పగించిన పిల్లలలో పేదవానికి, ధనవంతునికి సమానంగా చెప్పని ఉపాధ్యాయుడు ప్రళయదినాన ద్రోహుల సరసన లేపబడతాడన్న భావంగల ఉల్లేఖనాన్ని ఇబ్ను సహ్‌నూన్ పొందుపరచాడు. ఎక్కువ ఫీజు ఇచ్చే ఇంటి కుర్రవాణ్ణి ముందు కూర్చోబెట్టుకునే బుద్ధి ఆనాడూ ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది. లేని జబ్బుకు మందు వ్రాయరు గదా!

ఇప్పుడు దెబ్బల విషయానికి రావాలి. దీనిని దాటవేసి కుత్తాబును పొగడటం న్యాయం కాదు. ఇబ్ను సహ్‌నూన్ దండనను పూర్తిగా నిషేధించలేదు. ఖుర్ఆన్ పాఠంలో తప్పులకు మూడు దెబ్బలు మించరాదు. ఆటలాడి సోమరితనం చేస్తే పది మించరాదు. తలమీద, ముఖంమీద కొట్టరాదు. పలకతో గాని, కర్రతో గాని కొట్టే అనుమతి ఉపాధ్యాయునికి లేదు. అలా కొట్టి ప్రాణం తీస్తే ఖిసాస్, అంటే ప్రాణానికి ప్రాణం, వర్తిస్తుంది. కొరడా, పాదాలను బిగించే ‘ఫలఖ’ అనే సాధనం కూడా ఆ గదిలో ఉండేవి. వాటిని ఉపాధ్యాయుడు తన డబ్బుతోనే కొనుక్కోవాలన్న తీర్పును బట్టే ఆ సంగతి తెలుస్తుంది. కోపంలో కొట్టరాదని అల్ ఖాబిసీ గట్టిగా చెప్పాడు. కోపంలో కొట్టిన దెబ్బ పిల్లవాని మేలుకు కాదు, కొట్టేవాని మనసు చల్లార్చుకోవడానికి మాత్రమే. ముస్లిముల పిల్లలను తన మనశ్శాంతికోసం కొట్టే హక్కు అతనికెక్కడిది?

ఆ యుగంలో ఏ దేశపు బడిలోనైనా బెత్తం ఉన్నదే. బళ్ళారి నివేదికలోనే ఒక ఆచారం వర్ణితమై ఉంది: ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు, రెండవవానికి సున్న చుడతారు, మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇలా పెరుగుతూ పోతుంది. ఖైరవాన్ ధర్మవేత్తల ప్రత్యేకత బెత్తం ఉంచడంలో లేదు. ఆ బెత్తానికి లెక్క, హద్దు, కోర్టు పెట్టడంలో ఉంది.

అనువాదంలో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ‘అదబ్’, ‘తఅదీబ్’ అన్న అరబీ పదాలకు సంస్కారం నేర్పడమనీ అర్థమే, దండించడమనీ అర్థమే. మనకూ ఇదే పరిస్థితి. ‘శిక్ష’ అంటే సంస్కృతంలో నేర్పు. తెలుగువారి నోట అది దండన అయింది. నేర్పడానికి ‘శిక్షణ’ మిగిలింది. రెండు భాషలలోనూ మాట జారిన దారి ఒక్కటే. కాబట్టి పాత గ్రంథంలో ‘అదబ్’ కనిపించిన ప్రతిచోటా దెబ్బలని అనువదించేవారు పొరపాటు చేస్తున్నారు. ప్రతిచోటా మర్యాద అని అనువదించేవారు వాస్తవాన్ని కప్పిపుచ్చుతున్నారు. ఎక్కడ ఏది అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఇమామ్ సహ్‌నూన్ (రహ్మ) తన కొడుకును బడిలో వేసినప్పుడు మాత్రం మూడు దెబ్బల అనుమతిని కూడా వాడుకోనివ్వలేదు. ఇతణ్ణి ప్రశంసతోను, మృదువైన మాటతోను తీర్చిదిద్దండి, కొట్టి గద్దించి దిద్దదగినవాడు కాడు అని ఉపాధ్యాయునికి చెప్పి పంపారట. అలా పెరిగిన కొడుకే ‘ఆదాబుల్ ముఅల్లిమీన్’ వ్రాశాడు. ట్యునిస్‌లో పుట్టిన ఇబ్ను ఖల్దూన్ (హి. 732–808, క్రీ.శ. 1332–1406) మరొక మెట్టు పైకి వెళ్ళాడు. 1377లో వ్రాసిన ‘ముఖద్దిమ’లో ఆయన, కాఠిన్యంతో పెరిగిన పిల్లవాని మనసు కుంచించుకుపోతుందనీ, ఉత్సాహం చచ్చి సోమరితనం వస్తుందనీ, చేతి దెబ్బకు భయపడి లోపల ఒకటి పెట్టుకుని బయట మరొకటి చెప్పే అబద్ధాలకోరుగా మారతాడనీ, కాలక్రమాన అదే అతని స్వభావమైపోతుందనీ విశ్లేషించాడు. నిజం చెప్పడం నేర్పే బడి అబద్ధం నేర్పడం కంటె నష్టం ఏముంటుంది?

ఇదంతా పాతకాలపు ముచ్చట కాదు. బాలల విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షను పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయితే 2012 సవరణ ద్వారా మదర్సాలు, వేదపాఠశాలలు, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలు ఈ చట్టం పరిధినుంచి మినహాయింపు పొందాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎందరో ముస్లిం పిల్లలు ఫజ్ర్ తర్వాత మక్తబ్‌కు వెళ్ళి, ఇంటికి వచ్చి అన్నం తిని, తెలుగు బడికి వెళతారు. అదే పిల్లవాడు, అదే రోజు. తొమ్మిది గంటల తర్వాత అతని వీపును కాపాడే ఈ చట్టం, ఏడు గంటలకు ఆ గదిలోకి అడుగుపెట్టదు. అక్కడ ఉపాధ్యాయుని చేతిని ఆపవలసింది అతడు నమ్మే శాస్త్రమే. ‘మనవాళ్ళు ఎప్పుడూ కొట్టే చెప్పారు’ అనే మాట వినబడినప్పుడు, ఆ ‘మనవాళ్ళు’ పెట్టిన హద్దులు ఎంతమందికి తెలుసునని అడగవలసి వస్తుంది.

ఏది ముందు నేర్పాలన్న వాదం కూడా పాతదే. మగ్రిబ్‌లో పిల్లలకు ఖుర్ఆన్ తప్ప మరొకటి చెప్పేవారు కాదనీ, అందలూసియాలో కవిత్వం, రచన, వ్యాకరణం, దస్తూరి కలిపి నేర్పేవారనీ ఇబ్ను ఖల్దూన్ పోల్చి చూపాడు. ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ (మరణం: హి. 543, క్రీ.శ. 1148) అయితే ముందు అరబీ భాష, కవిత్వం, ఆపైన లెక్కలు, అటు తర్వాతనే ఖుర్ఆన్ మొదలుపెట్టాలనీ, అర్థం తెలియనిది పిల్లవానిచేత వల్లింపజేయడం తగదనీ అన్నాడు. పద్ధతి మంచిదేనని ఇబ్ను ఖల్దూన్ ఒప్పుకున్నాడు. కాని పిల్లవాడు పెద్దవాడై చేయిజారిపోతే అసలు ఖుర్ఆనే అందకుండా పోతుందన్న భయంతో లోకాచారం దీనికి ఒప్పుకోదన్నాడు. అరబీ మాతృభాషగా గలవారి మధ్య నడిచిన చర్చ ఇది. ఇంట్లో ఉర్దూయో తెలుగో మాట్లాడుతూ ‘యస్సర్నల్ ఖుర్ఆన్’ ఖాయిదాతో అక్షరాలు దిద్దే మన పిల్లల విషయంలో ఇబ్నుల్ అరబీ ప్రశ్న ఇంకెన్ని రెట్లు బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక సెలవులు. బుధవారం సాయంత్రం, గురువారం చదివినదంతా తిరిగి ఒప్పజెప్పడానికి కేటాయించి, శుక్రవారం సెలవు ఇవ్వాలి. ఉపాధ్యాయులన్నవారు పుట్టినప్పటినుంచీ ఇదే ఆచారమని సహ్‌నూన్‌గారు అన్నారు. ఈదుల్ ఫిత్ర్‌కు ఒక రోజు, మూడు రోజులదాకా ఇచ్చినా తప్పులేదు; ఈదుల్ అజ్హాకు మూడు రోజులు, ఐదు రోజులదాకా ఇవ్వవచ్చు. ఒక పిల్లవాడు ఖుర్ఆన్ పూర్తిచేసిననాడు బడి మొత్తానికి ఒక రోజో, ఒక పూటో ఆటవిడుపు. అంతకుమించి ఇవ్వాలంటే పిల్లల తండ్రులందరూ ఒప్పుకోవాలి, ఎందుకంటే ఉపాధ్యాయుడు వారందరికీ అజీర్. ఇక్కడ కొడుకు మరొక ప్రశ్న వేశాడు: పిల్లవాడే ఉపాధ్యాయునికి ఏదైనా కానుక తెచ్చి ఇచ్చి, దానికి బదులు సెలవు పుచ్చుకుంటే? తండ్రి ఒప్పుకోలేదు. సెలవు ఖత్మ్ నాడు ఇచ్చే ఆ ఒక్కరోజుకే.